డైవర్షన్ కాగితంలో ఒక పేరా: టెక్సస్‌లో ఒక షాప్‌లిఫ్టింగ్ కేసు

నేపథ్యం

నేను టెక్సస్‌లో క్రిమినల్ డిఫెన్స్ లాయర్‌ని. నా దగ్గరికి వచ్చే తెలుగు విద్యార్థుల కేసులు చాలావరకు మూడు రకాలు. తాగి కారు నడపడం, రూమ్మేట్ల గొడవ ముదిరి పోలీసుల దాకా పోవడం, స్టోర్‌లో వస్తువులు డబ్బు కట్టకుండా తీసుకెళ్లడం. మూడోదాన్ని అందరూ చిన్న కేసు అనుకుంటారు. జైలు శిక్ష పడే అవకాశం తక్కువే కాబట్టి క్రిమినల్ కోర్టు లెక్కలో అది నిజంగా చిన్నదే. అయితే వీసా మీద ఉన్నవాళ్లకి లెక్క చెప్పే చోటు ఇంకొకటి ఉంది, ఇమిగ్రేషన్. అక్కడి రూల్స్ వేరు. ఈ కేసులో అందరికీ తేలికగా కనిపించిన దారులే ఆ అమ్మాయికి ఎక్కువ ప్రమాదం తెచ్చేవి. అందుకే రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను.

ఆమె ఎమ్మెస్ విద్యార్థిని, ఎఫ్-1 వీసా. ఒక సాయంత్రం పెద్ద స్టోర్‌లో సెల్ఫ్ చెకౌట్ దగ్గర బియ్యం బస్తా, పాలు, ఉల్లిపాయలు స్కాన్ చేసింది. కొన్ని మేకప్ సామాన్లు, ఒక ఇయర్‌ఫోన్ల డబ్బా స్కాన్ కాకుండానే సంచిలోకి వెళ్లాయి. తలుపు దాటగానే స్టోర్ సెక్యూరిటీ వాళ్లు ఆపి వెనక గదిలోకి తీసుకెళ్లారు. ఒక ఫారం ముందు పెట్టి, సంతకం చేస్తే త్వరగా తేలిపోతుందన్నారు. చేసింది. ఆ తర్వాత పోలీసులు వచ్చారు. రాత్రి కౌంటీ జైల్లో వేలిముద్రలు, ఫోటో. పొద్దున మేజిస్ట్రేట్ ముందు హాజరు.

టెక్సస్‌లో అరెస్టయిన మనిషిని 48 గంటల లోపు మేజిస్ట్రేట్ ముందుకి తేవాలి. అక్కడ ఆరోపణ ఏమిటో చెబుతారు, హక్కులు చదువుతారు, బెయిల్ నిర్ణయిస్తారు. కేసు మంచిచెడ్డలు అక్కడ తేలవు. విదేశీ పౌరులు కాబట్టి తమ దేశపు కాన్సులేట్‌కి తెలియజేయమంటారా అని కూడా అడుగుతారు. భారతీయుల విషయంలో అది మనం కోరితేనే చేస్తారు. ఇంట్లో తెలిసిపోతుందన్న భయంతో ఈ అమ్మాయి వద్దంది. పర్సనల్ బాండ్ మీద, అంటే డబ్బు కట్టకుండా హాజరవుతానన్న హామీ మీద, విడుదలైంది. అది దొరకని వాళ్లు బెయిల్ బాండ్ ఏజెంట్‌కి మొత్తంలో పది శాతం దాకా ఫీజు కడతారు. ఆ డబ్బు కేసు గెలిచినా తిరిగి రాదు.

నా ముందుకు వచ్చిన సమస్య

మొదటి మీటింగ్‌కి ఆమెతో పాటు వాళ్ల బాబాయ్, పిన్ని వచ్చారు. ఇండియా నుంచి నాన్నగారు స్పీకర్ ఫోన్‌లో ఉన్నారు. ముందు నేను చేసిన పని వాళ్లని బయట కూర్చోమని అడగడం, ఫోన్ పెట్టేయించడం. బాబాయ్ కాస్త నొచ్చుకున్నారు. కానీ లాయర్‌కీ క్లయింట్‌కీ మధ్య మాటలకి ఉండే రక్షణ, మూడో మనిషి గదిలో ఉంటే పోయే ప్రమాదం ఉంది. రేపు ప్రాసిక్యూటర్ ఆ మూడో మనిషిని సాక్షిగా పిలిస్తే 'నేను చెప్పను' అనడానికి ఆయనకి ఏ హక్కూ ఉండదు. మన ఇళ్లలో ఇది చెప్పడం కష్టం, అయినా చెప్పాల్సిందే.

లోపల ఆమె అడిగిన మొదటి ప్రశ్న: "మేడం, రూమ్మేట్స్ వాట్సాప్ గ్రూప్‌లో సారీ అని, తప్పయిపోయిందని ఏదో పెట్టాను. డిలీట్ చేసేయనా?" వద్దన్నాను. కేసు నడుస్తోందని తెలిసి సాక్ష్యం చెరిపేయడం టెక్సస్‌లో ఫెలనీ. అంటే ఉన్న చిన్న నేరం పక్కన దానికంటే పెద్ద నేరం తెచ్చిపెట్టుకోవడం. ఉన్నది ఉండనీ, కొత్తగా ఒక్క మాట కూడా రాయకు అని చెప్పాను.

నాన్నగారి ఆలోచన వేరు. "అమ్మా, స్టోర్ వాళ్లకి ఎంత కావాలంటే అంత కట్టేద్దాం, వాళ్లే కేసు వెనక్కి తీసుకుంటారు." మన దగ్గర దొంగతనం కేసులో సొత్తు యజమాని రాజీ పడే వీలుంది కాబట్టి ఆయన అలా అనుకోవడం సహజమే. ఇక్కడ కేసు పెట్టేది స్టేట్. కాగితం మీద పేరే 'స్టేట్ ఆఫ్ టెక్సస్ వర్సెస్' అని ఉంటుంది. స్టోర్ సాక్షి మాత్రమే, వెనక్కి తీసుకునే అధికారం దానికి లేదు. కొన్నాళ్లకి స్టోర్ తరఫు లాయర్ల నుంచి డబ్బు కట్టమని ఒక ఉత్తరం కూడా వచ్చింది. అది సివిల్ డిమాండ్. కట్టినా క్రిమినల్ కేసు ఆగదు. కట్టేటప్పుడు ఒప్పుకోలు లాంటి మాట ఎక్కడైనా పడితే అది వేరే తలనొప్పి. కేసు తేలేదాకా దాన్ని పక్కన పెట్టించాను.

స్టోర్ లెక్క ప్రకారం వస్తువుల విలువ 118 డాలర్లు. టెక్సస్‌లో దొంగతనం విలువను బట్టి తరగతి మారుతుంది. 100 డాలర్ల లోపు క్లాస్ సి, జరిమానా మాత్రమే, 500 డాలర్ల దాకా. 100 నుంచి 750 లోపు క్లాస్ బి, గరిష్ఠంగా 180 రోజుల కౌంటీ జైలు, 2,000 డాలర్ల జరిమానా. 750 నుంచి 2,500 లోపు క్లాస్ ఏ, ఏడాది దాకా జైలు. ఆ పైన ఫెలనీ. మాది క్లాస్ బి.

ముందు ప్రయత్నించినవి

కేసుకి సంబంధించిన వీడియో, పోలీసు రిపోర్టు, బాడీ కెమెరా రికార్డింగ్ అన్నీ తెప్పించుకున్నాను. ప్రాసిక్యూటర్ ఫైల్‌ని డిఫెన్స్‌కి చూపించాలన్న నియమం టెక్సస్‌లో 2014 నుంచి బాగా గట్టిపడింది. మైకేల్ మోర్టన్ అనే ఆయన భార్యను చంపాడన్న తప్పుడు శిక్షతో దాదాపు పాతికేళ్లు జైల్లో ఉండి, డీఎన్ఏ పరీక్షతో 2011లో బయటపడ్డాడు. ఆయనకి పనికొచ్చే సాక్ష్యం డిఫెన్స్‌కి చేరలేదని తర్వాత తేలింది. ఆ చట్టానికి ఆయన పేరే పెట్టారు.

వీడియో మాకు అనుకూలంగా లేదు. బియ్యం బస్తాని రెండు చేతులా ఎత్తి, బార్‌కోడ్ తగిలేదాకా తిప్పి తిప్పి స్కాన్ చేస్తుంది. ఆ వెంటనే కార్ట్ పైభాగంలో చిన్నపిల్లలు కూర్చునే చోటు నుంచి ఇయర్‌ఫోన్ల డబ్బా తీసి, తెర వైపు చూడకుండా నేరుగా సంచిలో వేస్తుంది. వేసేముందు ఒకసారి పక్కకి చూస్తుంది. 'మర్చిపోయాను' అన్న వాదనని ఆ ఒక్క చూపు చాలా బలహీనం చేస్తుంది. దొంగతనం రుజువు కావాలంటే వస్తువు తీసుకుంటే సరిపోదు, యజమానికి లేకుండా చేయాలన్న ఉద్దేశం కూడా సహేతుకమైన సందేహానికి తావులేకుండా రుజువు కావాలి. భారం మొత్తం స్టేట్‌దే, మేం ఏమీ నిరూపించక్కర్లేదు. అయినా ఆరుగురు జ్యూరర్లు ఆ వీడియో చూసి ఏమనుకుంటారో ఊహించడం కష్టం కాదు.

తర్వాత ఆ సంతకం చేసిన ఫారం. దాన్ని కోర్టులోకి రాకుండా ఆపగలమా అని చూశాను. ఆమె అడిగింది, "నాకు మిరాండా హక్కులు చదవలేదు కదా మేడం?" మౌనంగా ఉండొచ్చు, లాయర్‌ని అడగొచ్చు అని పోలీసులు ముందే చెప్పాలన్నది, సినిమాల వల్ల అందరికీ తెలిసిన హక్కు ఇది. 1966 నాటి మిరాండా తీర్పు వర్తించేది పోలీసులు కస్టడీలో ఉంచి ప్రశ్నించినప్పుడు. స్టోర్ ఉద్యోగి పోలీసు కాదు. పోలీసు తరఫున పనిచేస్తుంటే తప్ప అతను ఏ హక్కులూ చదవక్కర్లేదు. ఇక్కడి స్టోర్లలో డ్యూటీలో లేని పోలీసులు సెక్యూరిటీ పని చేయడం మామూలే కాబట్టి, ఆ గదిలో ముందునుంచీ పోలీసు ఉన్నాడేమో అని బాడీ కెమెరా టైమ్, ఫారం మీద రాసిన టైమ్ పక్కపక్కన పెట్టి చూశాను. పోలీసు వచ్చేసరికి సంతకం అయిపోయింది.

టెక్సస్‌లో ఇంకో తలుపుంది. చట్టవిరుద్ధంగా సంపాదించిన సాక్ష్యాన్ని, అది పోలీసు కాకుండా మామూలు మనిషి సంపాదించినా సరే, కోర్టు తోసిపుచ్చాలి. చాలా రాష్ట్రాల్లో లేని రక్షణ ఇది. స్టోర్ వాళ్లు ఆమెని అక్రమంగా నిర్బంధించారని చూపగలిగితే ఫారం పోతుంది. కానీ దొంగతనం జరిగిందని సహేతుకంగా నమ్మినప్పుడు, సహేతుకమైన సమయం పాటు మనిషిని ఆపి ఉంచే హక్కు వ్యాపారికి చట్టమే ఇచ్చింది. వీడియో చూశాక వాళ్ల నమ్మకం సహేతుకం కాదని ఏ జడ్జి ముందూ అనలేను. ఆ మోషన్, అంటే కోర్టుకి పెట్టే అర్జీ, వేయలేదు. ఓడిపోయే మోషన్ వేస్తే ప్రాసిక్యూటర్‌తో రేపటి బేరం బిగుసుకుంటుంది.

పూర్తిగా కొట్టేయమని అడిగాను. మొదటి తప్పు, మంచి మార్కులు, ప్రొఫెసర్ల ఉత్తరాలు. కుదరదన్నారు.

తేలిక దారులు ఎందుకు వద్దన్నాను

ప్రాసిక్యూటర్ మొదటి ఆఫర్ డిఫర్డ్ అడ్జుడికేషన్. నేరం ఒప్పుకోవాలి, లేదా నో కాంటెస్ట్, అంటే ఒప్పుకోను గానీ ఎదిరించను కూడా, అనాలి. జడ్జి దోషి అని ప్రకటించకుండా పక్కన పెట్టి కొన్ని నెలలు ప్రొబేషన్ ఇస్తాడు. బాగా నడుచుకుంటే కేసు డిస్మిస్. టెక్సస్ చట్టం ప్రకారం కన్విక్షన్, అంటే దోషిగా తేల్చడం, లేదు. ఇక్కడ పుట్టినవాళ్లు ఈ ఆఫర్‌ని కళ్లకద్దుకుని తీసుకుంటారు.

ఇమిగ్రేషన్ చట్టం 1996 నుంచి కన్విక్షన్‌కి తనదైన నిర్వచనం పెట్టుకుంది. జడ్జి దోషి అని ప్రకటించకపోయినా, మనిషి నేరం ఒప్పుకుని గానీ, నో కాంటెస్ట్ అని గానీ, నేరం రుజువు కావడానికి చాలినన్ని వాస్తవాలు ఒప్పుకుని గానీ ఉండి, జడ్జి ఏదో ఒక శిక్షో ఆంక్షో విధిస్తే చాలు, అది కన్విక్షనే. స్టేట్ కోర్టు తర్వాత డిస్మిస్ చేసినా దాన్ని పట్టించుకోరు. మామూలుగా దొంగతనాన్ని మోరల్ టర్పిట్యూడ్ నేరంగా, అంటే నైతిక పతనాన్ని చూపే నేరంగా, చూస్తారు కాబట్టి, వీసా స్టాంపింగ్ దగ్గర్నుంచి గ్రీన్ కార్డ్ దాకా ప్రతి మెట్టు దగ్గరా ఇది ఎదురొస్తుంది.

విలువ గురించి గట్టిగా వాదించాక రెండో ఆఫర్ వచ్చింది. రెండు వస్తువులు ఆరోజు సేల్‌లో ఉన్నాయని చూపించగలిగాం. అందుకని క్లాస్ సి కి తగ్గిస్తాం, కోర్టు ఖర్చులు కట్టి కొన్ని నెలలు ఏ గొడవా లేకుండా ఉంటే డిస్మిస్ అన్నారు. బాబాయ్‌కి ఇది చాలా నచ్చింది. "ట్రాఫిక్ టికెట్ లాంటిదే కదమ్మా, కట్టేసి వదిలించుకుందాం. మా ఫ్రెండ్ వాళ్ల అబ్బాయికి ఇలాగే చేశారు." నేను ఒద్దనేసరికి నాకు ఫీజు మీద ఆశేమో అన్నట్టు చూశారు.

ఇందులోనూ నో కాంటెస్ట్ ప్లీ, అంటే ఆరోపణకి కోర్టులో ఇచ్చే జవాబు, ఉంది. కోర్టు ఖర్చులు కూడా శిక్ష కిందే లెక్క అని ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు 2008లో ఒక కేసులో చెప్పింది. క్లాస్ తగ్గినా ఫలితం అదే. నిజాయితీగా చెప్పాలంటే, ఇది జరిగినా ఆమెని వెంటనే పంపించేసే పరిస్థితి రాదు. చిన్న నేరాలకి ఒక మినహాయింపు ఉంది. గరిష్ఠ శిక్ష ఏడాదికి మించని నేరం ఒక్కటే ఉండి, పడిన శిక్ష ఆరు నెలలు దాటకపోతే, దేశంలోకి రానివ్వకుండా ఆపడానికి అది కారణం కాదు. కానీ ఆ మినహాయింపు జీవితంలో ఒక్కసారికే. ఇరవై మూడేళ్లకే దాన్ని వాడేసి, రేపు ఇంకేదైనా వస్తే చేతిలో ఏమీ లేకుండా ఉండాలా అన్నది ప్రశ్న. నా జవాబు వద్దనే. నిర్ణయం మాత్రం ఆమెది. ప్లీ తీసుకోవాలా వద్దా, ట్రయల్‌కి వెళ్లాలా వద్దా అన్నవి క్లయింట్ సొంత నిర్ణయాలు, లాయర్‌వి కావు, బాబాయ్‌వి అసలే కావు.

ఇదంతా క్లయింట్‌కి చెప్పడం నా మంచితనం కాదు, బాధ్యత. నలభై ఏళ్లకు పైగా అమెరికాలో ఉన్న గ్రీన్ కార్డ్ హోల్డర్, వియత్నాం యుద్ధంలో పనిచేసిన హోసే పడియా అనే ఆయనకి కెంటకీలో లాయర్ 'ఇన్నేళ్లుగా ఉన్నారు, ఇమిగ్రేషన్ గురించి భయం అక్కర్లేదు' అని చెప్పి ప్లీ ఇప్పించాడు. ఆ ప్లీతోనే దేశం నుంచి పంపించేసే పరిస్థితి వచ్చింది. ప్లీ వల్ల డిపోర్టేషన్ ముప్పు ఉందో లేదో చెప్పడం డిఫెన్స్ లాయర్ బాధ్యత అని సుప్రీంకోర్టు 2010లో ఆ కేసులోనే తేల్చింది.

మూడో ఆఫర్ ప్రీట్రయల్ డైవర్షన్, అంటే కేసుని ట్రయల్‌కి ముందే పక్కకి మళ్లించే ఒప్పందం. ఇందులో ప్లీ లేదు. క్లాసులు, కమ్యూనిటీ సర్వీస్, కొన్నాళ్లు రిపోర్ట్ చేయడం, చివర్లో డిస్మిస్. విద్యార్థుల గ్రూపుల్లో 'డైవర్షన్ వచ్చిందంటే సేఫ్' అని రాసుకుంటారు. పేరు చూసి అలా అనుకోకూడదు, కాగితం చదవాలి. ఆ ఆఫీసు అచ్చు ఫారంలో మూడో పేజీలో ఒక పేరా ఉంది: ఆరోపణలో ఉన్నది నేను చేశాను, ప్రోగ్రాం పూర్తి చేయకపోతే ఈ ఒప్పుకోలును నాపై వాడుకోవచ్చు. కింద జడ్జి ఆమోదిస్తూ సంతకం పెట్టే గీత. అంటే వాస్తవాల ఒప్పుకోలు, జడ్జి ఆంక్ష రెండూ ఒకే కాగితంలో ఉన్నాయి. 2017లో ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు టెక్సస్ కేసులోనే, ఇలాంటి ప్రీట్రయల్ ఒప్పందాన్నే, కన్విక్షన్‌గా లెక్కగట్టింది.

ఆ పేరా తీసేయమంటే కోర్టులో ఉన్న జూనియర్ ప్రాసిక్యూటర్, "అందరికీ ఒకటే ఫారం, మార్చే అధికారం నాకు లేదు" అన్నాడు. అతని మాట నిజమే.

పనిచేసింది

ట్రయల్‌కి సిద్ధమని కోర్టుకి చెప్పాను. ఇది బెదిరింపు కోసం కాదు. అమెరికాలో శిక్షలు పడే కేసుల్లో నూటికి తొంభైకి పైగా ప్లీ బేరంతోనే ముగుస్తాయి కాబట్టి, ట్రయల్ తేదీ పడితే తప్ప చాలా ఫైళ్లని పై అధికారి తెరిచి చూడడు. ఫైల్ తెరిచాక వాళ్లకీ ఒక ఇబ్బంది కనిపించింది. ఆమెని ఆపిన స్టోర్ ఉద్యోగి ఉద్యోగం మానేశాడు, వీడియోని కోర్టులో ప్రవేశపెట్టడానికి అతన్నో, రికార్డుల గురించి తెలిసిన ఇంకొకరినో వెతికి పట్టుకోవాలి.

ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒక ఉత్తరం రాయించి, 2017 తీర్పు జతచేసి, సీనియర్ ప్రాసిక్యూటర్‌ని కలిశాను. ఆ ఒప్పుకోలు పేరా మీకెందుకు కావాలి అని అడిగాను. ప్రోగ్రాం ఎగ్గొడితే అప్పటికి సాక్షులు దొరకరు, కేసు చచ్చిపోతుంది, అదీ భయం అన్నారు. అంటే వాళ్లకి కావాల్సింది ఆమె నోటి మాట కాదు, సాక్ష్యం చెడిపోదన్న భరోసా. దాన్ని వేరే రకంగా ఇవ్వచ్చు. కేసు మళ్లీ ట్రయల్‌కి వస్తే వీడియో అసలైనదేనని, సాక్షి లేకుండానే ప్రవేశపెట్టుకోవచ్చని ఒప్పుకుంటాం. స్పీడీ ట్రయల్ హక్కు, అంటే విచారణ త్వరగా జరగాలన్న హక్కు, వదులుకుంటాం. వీడియోలో ఏం జరిగిందో మాత్రం ఆమె ఒక్క మాట కూడా ఒప్పుకోదు. ఈ బేరంలో నేను వదులుకున్నది తక్కువేం కాదు. సాక్షి దొరక్కపోవడం డిఫెన్స్‌కి బంగారం లాంటిది. కానీ ఆమె క్లాసులు ఎగ్గొట్టే మనిషి కాదని నా అంచనా, ఆ సంగతి ఆమెతో గంటసేపు మాట్లాడాకే ముందుకెళ్లాను.

ఇక జడ్జి సంగతి. క్లాసులు, కమ్యూనిటీ సర్వీస్ అన్నీ కోర్టు ఆదేశం లేకుండా ముందే స్వచ్ఛందంగా చేసేసి, సర్టిఫికెట్లు ప్రాసిక్యూటర్ చేతికి ఇవ్వాలి. అప్పుడు వాళ్లు డిస్మిస్ మోషన్ వేస్తారు. జడ్జి పెట్టే సంతకం ఆ ఒక్క దాని మీదే. ప్లీ లేదు, ఒప్పుకోలు లేదు, జడ్జి విధించిన ఆంక్ష లేదు. ఫుడ్ బ్యాంక్‌లో డబ్బాలు సర్దుతూ ఒక సెమిస్టర్ వారాంతాలు గడిపింది. కేసు డిస్మిస్ అయింది.

దీనికీ ఒక ధర ఉంది. మామూలు డైవర్షన్ ప్రోగ్రాం పూర్తి చేసినవాళ్లు రికార్డు చెరిపించుకునే ఎక్స్‌పంక్షన్‌కి త్వరగా వెళ్లచ్చు. మాది ఆ ప్రోగ్రాం కాదు కాబట్టి, ఈ నేరానికి ఉన్న రెండేళ్ల కాలపరిమితి ముగిసేదాకా ఆగాలి. ఈలోగా బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో 'అరెస్ట్, డిస్మిస్డ్' అని కనిపిస్తుంది. ఉద్యోగం వెతుక్కునే వయసులో అది చిన్న విషయం కాదు. రెండేళ్ల టెన్షనా, జీవితాంతం కన్విక్షనా అని ఆమె ముందు పెట్టాను. ఆమె మొదటిది ఎంచుకుంది.

డిస్మిస్ అయ్యాక ఉన్న పని

డిస్మిస్ కాగానే అందరూ ఎక్స్‌పంక్షన్ గురించే అడుగుతారు. దానికంటే ముందు కోర్టు క్లర్క్ నుంచి ఆరోపణ పత్రం, డిస్మిసల్ ఆర్డర్ సర్టిఫైడ్ కాపీలు కొన్ని సెట్లు తీసిపెట్టుకోవాలి. ఎక్స్‌పంక్షన్ తర్వాత క్లర్క్ దగ్గర ఇవ్వడానికి ఏమీ ఉండదు. కానీ వేలిముద్రలు తీసిన రాత్రే ఎఫ్‌బీఐ ద్వారా హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీకి చేరిపోయాయి, స్టేట్ కోర్టు ఆర్డర్ అక్కడిది చెరపలేదు. వీసా ఫారంలో 'ఎప్పుడైనా అరెస్టయ్యారా' అన్న ప్రశ్నకి ఆమె ఎప్పటికీ అవుననే రాయాలి. కాదని రాస్తే అది అబద్ధం కింద, మొదటి కేసుకంటే పెద్ద చిక్కు.

అరెస్టు కారణంగా కాన్సులేట్ వీసా రద్దు చేసే వీలు కూడా ఉంది, కోర్టులో ఏమీ తేలకముందే. 2025 వసంతంలో, కేసులు డిస్మిస్ అయిన విద్యార్థుల సెవిస్ రికార్డులు, అంటే విదేశీ విద్యార్థుల హోదా గురించి ప్రభుత్వం ఉంచే రికార్డులు, కూడా రద్దయ్యాయి. కోర్టుల్లో సవాలు చేశాక ఏప్రిల్ చివర్లో ప్రభుత్వం పునరుద్ధరణ మొదలుపెట్టింది. అందుకే కేసు నడుస్తుండగా ఇండియా ప్రయాణం వద్దని ఇప్పుడు మొదటి రోజే చెబుతున్నాను. యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో సలహా అడగొచ్చు గానీ, కేసు వివరాలు చెప్పొద్దని కూడా. వాళ్లు మంచివాళ్లే, కానీ వాళ్లతో మాటలకి లాయర్‌తో మాటలకున్న రక్షణ లేదు.

ఉద్యోగంలో చేరాక, హైదరాబాద్‌లో స్టాంపింగ్‌కి వెళ్లేముందు ఆమెతో ఇంటర్వ్యూ గురించి విడిగా కూర్చున్నాం. కన్విక్షన్ లేకపోయినా, ఇలాంటి నేరం చేశానని అధికారి ముందు ఒప్పుకుంటే అదొక్కటే వీసా నిరాకరణకి కారణం కావచ్చు. అబద్ధం చెప్పకూడదు, ప్రశ్నని దాటి అదనంగా కథ చెప్పకూడదు. అరెస్టయ్యాను, కేసు డిస్మిస్ అయింది, ఇవిగో కాగితాలు. అధికారి కాగితాలు తీసుకుని పాస్‌పోర్ట్ ఉంచుకున్నాడు. అడ్మినిస్ట్రేటివ్ ప్రాసెసింగ్‌లో, అంటే అదనపు పరిశీలనలో, కొన్ని వారాలు పోయాయి, ఆఫీసులో సెలవు పొడిగించుకోవాల్సి వచ్చింది, తర్వాత స్టాంప్ వచ్చింది. సర్టిఫైడ్ కాపీల్లో ఒక సెట్ నా ఫైల్లో ఉంచాను. గ్రీన్ కార్డ్ దరఖాస్తు రోజున మళ్లీ అడుగుతారు.